నూట అరవై గ్రాములు

ఆమదాలవలస,
11 నవంబరు 2024.

యమునా,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. పన్నెండో ఏట నిన్ను క్రీడా హాస్టల్లో వదిలినప్పుడు అక్కడ పిల్లలకు ఫోను ఇచ్చేవారు కారు. ఇన్‌ల్యాండు కాగితాల మీదే నీకు ధైర్యం చెప్పి పెంచాను. అప్పటినుంచీ మనిద్దరి మధ్య అసలు సంగతులన్నీ కాగితం మీదే నడిచాయి. పైగా మీ అమ్మ గోడ అవతలే ఉంటుంది. నేను గొంతు తగ్గించానంటే మా వదిన చిన్నతల్లి చెవి పెద్దదవుతుంది.

నాగుల చవితికి వచ్చి వెళ్తూ నీ పాత కిట్ బ్యాగు మంచం కింద వదిలేశావు. ఉతుకుదామని మీ అమ్మ దాన్ని విప్పితే అడుగున రెండు మూటలు దొరికాయి. మేజోళ్ల గుడ్డతో గుండ్రంగా కుట్టి, లోపల బియ్యం పోసి, మూతి బిగించిన మూటలు. మీ అమ్మ వాటిని చేత్తో ముట్టుకోలేదు. చీపురుపుల్లతో చేటలోకి తోసి, ఆ చేట పట్టుకుని పక్క ఊరి ఎల్లాజీ దగ్గరికి నడిచిపోయింది. చిల్లంగి, చేతబడి విప్పుతాడని వాడికి పేరు. వాడు కళ్లు మూసుకుని, ఎవరో ఆడపిల్ల ఎదుగుదలని కట్టేశారని తేల్చాడట. అందుకే ఇరవై ఏడేళ్లు వచ్చినా పిల్ల మగపిల్లాడిలా ఉందట. కట్టినవాళ్లు సముద్రం వైపువాళ్లట. సముద్రం వైపంటే నౌపడ, నౌపడ అంటే నువ్వు చేసుకోబోయే శివాజీ ఇల్లు. విప్పడానికి నల్లకోడిని అడిగాడు.

చిల్లంగి నెపంతో ఆడవాళ్లని చెట్టుకి కట్టిన ఊళ్లకి వెళ్లి, ఇరవై ఏళ్లుగా మహిళా సంఘం తరఫున కొట్లాడుతున్నదాన్ని నేను. నా గోడ అవతలే ఈ భాగోతమా? వెళ్లి మూటలు లాక్కొచ్చాను. "ఒసే కుసుమా, ముట్టుకోకే, నీకూ అంటుతాది" అంటూ మీ అమ్మ వీధి చివరి దాకా నా వెంట వచ్చింది. కిరాణా కొట్లో తూయించాను. ఒక్కోటి కచ్చితంగా నూట అరవై గ్రాములు. కుట్టు విప్పాను. పసుపు లేదు, వెంట్రుక లేదు, నిమ్మకాయ ముక్క లేదు. మామూలు సన్నబియ్యం.

చిల్లంగి కాదని సైన్సు టీచరుకి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఒక్క గ్రాము తేడా లేకుండా రెండు మూటలు కుట్టినదానికి ఏదో ఉద్దేశం ఉంటుంది. జనవరిలో మీ తపాలా శాఖ పోటీలున్నాయి. విభాగానికి బరువు చాలకపోతే బట్టల్లో ఏదో ఒకటి దాచుకుని కాటా ఎక్కే పిల్లల్ని నేను చూశాను. నీకు అలాంటిది ఎవరైనా నేర్పుతున్నారా? నిజం రాయి. అబద్ధమైతే నీ అక్షరం వంకరపోతుంది, నాకు తెలిసిపోతుంది.

నీ అత్త,
కుసుమకుమారి


శృంగవరపుకోట,
17 నవంబరు 2024.

అత్తకి,

నీ ఉత్తరం నా చేతుల మీదుగానే సంచిలోంచి బయటపడింది. పోస్టాఫీసులో పనిచేసేదానికి ఈ ఒక్క సుఖం ఉంది, తన ఉత్తరానికి ముద్ర తనే కొట్టుకోవచ్చు. కౌంటరు దగ్గరే చదివి, నవ్వాపుకోలేక, స్టాంపుల అర మూసేసి వెనక వరండాలోకి వెళ్లిపోయాను. ఎల్లాజీ తాత సగం నిజం కనిపెట్టేశాడత్తా. ఆ మూటలు నా ఎదుగుదల గురించే.

నీకు దాచను. నేను ఛాతీకి ఇంప్లాంట్లు పెట్టించుకుందామనుకుంటున్నాను. రొమ్ముల్లో పెట్టే సిలికాన్ సంచులు. ఏ సైజు మన ఒంటికి నప్పుతుందో ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. బియ్యం కొలిచి మేజోట్లో పోసి, స్పోర్ట్స్ బ్రాలో పెట్టుకుని నాలుగు రోజులు తిరగాలి. పడుకోవాలి, మెట్లెక్కాలి, పరిగెత్తాలి. నేను వాటితోనే పొద్దున్నే అరకు రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పరిగెత్తాను. మొదటి రోజు ఎవరో నా ముందు నడుస్తున్నట్టు అనిపించింది. మూడో రోజుకి వాటి సంగతే మర్చిపోయాను. అలా మర్చిపోయిన కొలతే నూట అరవై. దాన్ని నువ్వు కిరాణా కొట్లో తూయించావు. కొట్టు ధనరాజ్ ఏమనుకున్నాడో.

విశాఖపట్నంలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు కంటే ముందు ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే మూడు వందల యాభై గ్రాముల సైజు అంది. పెళ్లికూతుళ్లందరూ అదే తీసుకుంటున్నారట. నా ఛాతీ ఇరుకు, ఒంట్లో కొవ్వు లేదు, రోజూ బరువులెత్తుతాను, అంత పెద్దవి నాకెలా కుదురుతాయని అడిగితే, సంక్రాంతి లోపు అయితే ఆఫర్ ఉందని చెప్పింది. లేచి వచ్చేశాను. ఇంకో డాక్టరమ్మని చూడాలి.

అమ్మకి చెప్పకు. శివాజీకీ ఇంకా చెప్పలేదు. పోటీలయ్యాక నేనే చెప్తాను. ఇప్పటికి నీకొక్కదానికే తెలుసు.

యమున


ఆమదాలవలస,
22 నవంబరు 2024.

యమునా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి నీ అక్షరాలు చూశాను, వంకర లేవు. మూడోసారి ఏడ్చాను. నాలుగోసారికి కోపమొచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఎవడు వాడు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఇలాంటి కోరిక ఆడదాని ఒంట్లో దానంతటది మొలవదు. ఎవడో ఒకడు చూస్తాడు, ఇంకెవడో ఒక మాట అంటాడు. సినిమావాడు చూపిస్తాడు, అద్దం అమ్మేవాడు అవునంటాడు, ఆ తర్వాత కత్తి పట్టుకున్నవాడు ఆఫరిస్తాడు. చివర్లో ఆడపిల్ల వచ్చి ఇది నా ఇష్టం అంటుంది. ఇన్ని చేతులు మారి వచ్చినదాన్ని సొంత ఇష్టమంటే నేను ఒప్పుకోను.

నౌపడలో మాటలు కలుపుకోవడానికి వెళ్లినరోజు నాకు బాగా గుర్తు. నువ్వు టీ గ్లాసు అందుకుంటుంటే శివాజీ తల్లి నిన్ను ఎగాదిగా చూసి, కూతురు ఉష చెవిలో ఏదో గొణిగింది. ఉష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కోడలు పలకలా ఉందని ఆవిడ అని ఉంటుంది. ఆ మాట కొడుకు నీకు మోసి ఉంటాడు. శివాజీ డ్రిల్ మాస్టరు, పిల్లల ఒళ్లు చూడటమే వాడి ఉద్యోగం. నీ ఒళ్లు చూసి ఏమన్నాడు?

నువ్వెవరో ఒకసారి గుర్తు చేసుకో. మా అన్నయ్య, మీ నాన్న కూర్మయ్య, ధాన్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. నీకు పదకొండేళ్లప్పుడు ప్రతి ఆదివారం కాటా మీద బస్తా దింపి నిన్ను ఎక్కించేవాళ్లం. అన్నయ్య పోయాక కూడా నేను మానలేదు. నీ ఒక్కో కిలో నేను పుస్తకంలో రాశాను. నలభై తొమ్మిది కిలోల పిల్లవి, డెబ్బై ఎనిమిది కిలోలు తల మీదికి ఒక్క ఊపున లేపావు. ఆ రోజు స్టేడియంలో నీ ఛాతీ ఎంతుందని ఎవడూ చూడలేదు. ఆడదాన్ని ఆ చూపు నుంచి తప్పించడానికే కదా నేను నీ చేతికి ఇనుము ఇచ్చింది.

ఆ సంచులు పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు ఉంటాయంటారు. ఆ తర్వాత మళ్లీ కోత. లోపల చిరిగితే బయటికి తెలియదట, స్కాన్ తీస్తేనే తెలుస్తుందట. చుట్టూ కట్టిన పొర గట్టిపడొచ్చు. ఇవి నీ ట్యాబ్ అమ్మాయి చెప్పిందా? చెప్పదు. అడుగు. ఏ కంపెనీదో, నంబరు రాసిన కార్డు ఇస్తారో లేదో, తేడా వస్తే ఎవరు తీస్తారో కాగితం మీద అడుగు.

జవాబు రాయి. పేరుతో సహా.

కుసుమత్త


శృంగవరపుకోట,
1 డిసెంబరు 2024.

అత్తకి,

పేరు అడిగావు. రాస్తున్నాను, యమున. ఇంకో పేరు లేదు. శివాజీ నాతో నా స్నాచ్ లిఫ్టు గురించి, మోకాలి గురించి మాట్లాడతాడు, నా ఛాతీ గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నమ్మవని తెలుసు. అయినా రాశాను.

నువ్వు చెప్పిన ప్రశ్నలన్నీ చీటీ మీద రాసుకుని రెండో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చీటీ చూసి, ఎవరు రాసిచ్చారని అడిగింది. మా అత్తన్నాను. మంచి అత్త అంది. ఒక్కో ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పింది. కార్డిస్తారు. స్కాన్‌లు తీయించుకుంటూ ఉండాలి. మళ్లీ ఆపరేషన్ రావొచ్చని కూడా ముందే చెప్పింది. తర్వాత టేపు తీసి కొలిచింది. నా రొమ్ము అడుగు వెడల్పు పదకొండు సెంటీమీటర్లు, అంతకన్నా వెడల్పుది పెడితే చంక కిందికి పొడుచుకొస్తుందట. చర్మం వేళ్లతో పట్టి చూస్తే కింద కొవ్వే దొరకలేదు. ఛాతీ కండ కింద పెడితే అంచులు కనపడవు గాని, బరువెత్తిన ప్రతిసారీ కండ బిగుసుకుని వాటిని పక్కకి నెడుతుంది. కండ పైన పెడితే కదలవు గాని, నాలాంటి సన్నటి ఒంట్లో అంచు చేతికి తెలుస్తుంది. నాకేది ముఖ్యమో ఆలోచించుకుని రమ్మంది. బరువులే ముఖ్యమన్నాను. అయితే కండ పైన, దాన్ని కప్పి ఉండే పొర కింద, చిన్నవి పెడదామంది. మూడు వందల యాభై గురించి చెప్తే నవ్వింది.

ఇక నీ పుస్తకం సంగతి. నువ్వు నా కిలోలు రాశావు, నిజమే. పోటీకి ముందు రెండు రోజులు నీళ్లు తాగనివ్వలేదు. గ్రాము ఎక్కువైతే తువ్వాలు చుట్టి ఎండలో పరిగెత్తించావు. పదిహేనేళ్లకి గాని నా నెలసరి రాలేదు, వచ్చినా నిలవలేదు. వీటికి నిన్ను తప్పు పట్టడం లేదత్తా. నాకా ఆట ఇష్టం, ఇప్పటికీ ఇష్టం. కానీ ఒక్కటి ఆలోచించు. ఇనుము ఎత్తాలన్న కోరిక నా ఒంట్లో దానంతటది మొలిచిందా? నువ్వు తెచ్చి నాటావు. అది నా సొంత ఇష్టమైతే, ఇది మాత్రం చేతులు మారి వచ్చిందా?

నా ఒంట్లో ఉన్న ప్రతి గ్రాము కాటా కోసం పెట్టిందో, కాటా కోసం తీసిందో. నాకై నేను పెట్టుకుందామనుకున్నవి ఇవే మొదటి గ్రాములు. అవి ఎందుకంటే చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా గొప్ప కారణం లేదు. అద్దంలో చూసుకున్నప్పుడు అక్కడ ఏదో ఉంటుందని నా కళ్లు వెతుకుతాయి, అంతే. ఉద్యమం కాదు, లొంగిపోవడమూ కాదు.

యమున


ఆమదాలవలస,
9 డిసెంబరు 2024.

యమునా,

బాగా రాశావు. నీ చేత ఇంత బాగా రాయించినదాన్ని నేనే కాబట్టి మెచ్చుకునే హక్కు నాకుంది. కానీ ఒప్పుకోను.

నువ్వు చెప్పిన మాటలన్నీ నాకు కొత్తగా లేవు. నా కోసం, నా అద్దం, నా కళ్లు. ఈ నా అన్న మాట ఎక్కడ మొదలవుతుందో, మార్కెట్టు ఎక్కడ ఆగుతుందో గీత గీసి చూపించు, అప్పుడు నోరు మూసుకుంటాను. శివాజీ ఏమీ అనలేదంటున్నావు. ఏమీ అనని మగవాళ్లంటే నాకు మరీ అనుమానం. వాళ్లకి అనాల్సిన అవసరం లేదు, ఇల్లంతా వాళ్ల తరఫున అంటుంది.

నీళ్ల సంగతి చదివాక అన్నం సహించలేదు. దానికి జవాబు ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు చేత కాదు.

ఒక సంగతి చెప్పాలి. ఇది నీ ఒక్కదాని సమస్య కాదు. మన పల్లెల్లో ఇనుమెత్తే ప్రతి పిల్లకీ రేపు ఈ ట్యాబ్ అమ్మాయిలు ఎదురవుతారు. అందుకని మన సంఘం పత్రికకి వ్యాసం రాసిచ్చాను. నీ పేరు లేదు, ఊరు లేదు, ఉద్యోగం లేదు. భయపడకు. వ్యక్తులతో నాకు పని లేదు, నా పోరాటం వ్యవస్థతో. జనవరి సంచికలో వస్తుంది. చదివితే నువ్వే మెచ్చుకుంటావు.

చలి ఎక్కువగా ఉంది, పొద్దున్న పరుగుకి చెవులు కప్పుకో.

కుసుమత్త


శృంగవరపుకోట,
4 జనవరి 2025.

అత్తకి,

వ్యాసం చదివాను. నా పేరు లేదు. "ధాన్యం కాటా మీద పెరిగి పతకాలెత్తిన ఒక ఆడపిల్ల" అని ఉంది. ఈ రెండు జిల్లాల్లో ధాన్యం కాటా మీద ఇంకెవర్తి పెరిగిందత్తా? ఆ కాటా మీద నుంచున్న నా ఫొటో పేపర్లో వేయించింది కూడా నువ్వే, నాకు పద్నాలుగేళ్లప్పుడు.

"చెరో నూట అరవై గ్రాముల బానిసత్వం" అని రాశావు. మాట బాగా కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే, మీ పత్రిక ఆరు వందల ప్రతులు ఎవరు చదివారో తెలియదు గాని, ఆ ఒక్క పేజీ ఫొటో తీసి అందరి ఫోన్లలో తిప్పారు. జిమ్‌లో అమ్మాయిలకి వచ్చింది. మా పోస్టుమాస్టరు భార్యకి వచ్చింది. నౌపడలో ఉషకి వచ్చింది.

నిన్న ఒకాయన కౌంటరు దగ్గరికొచ్చి, "నూట అరవై రూపాయల స్టాంపు ఉన్నాదా అమ్మా" అని అడిగాడు. వెనక నుంచున్న ఇద్దరు నవ్వారు. లేదని చెప్పి, ఆయనకి కావలసిన రెవెన్యూ స్టాంపు ఇచ్చి పంపాను. ఈ వారం నుంచి స్టాంపు కొనడానికి వచ్చినవాళ్లు నా మొహం చూడటం మానేశారు. నన్ను ఆ చూపు నుంచి తప్పించడానికే ఇనుము ఇచ్చానన్నావు. పదహారేళ్లు తప్పించుకున్నాను. ఇప్పుడు నువ్వే పట్టిచ్చావు.

అమ్మ బియ్యం మూటలు పట్టుకెళ్లి ఒక్క ఎల్లాజీకి చూపించింది. నువ్వు జిల్లాకంతా చూపించావు. ఇద్దరిలో ఎవరిది మూఢనమ్మకమో నాకు తెలియడం లేదు.

శివాజీ ఎనిమిది రోజులుగా ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ముందు నేను చెప్పాల్సిన మాట ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?

యమున


ఆమదాలవలస,
12 జనవరి 2025.

యమునా,

నీ ఉత్తరం అందగానే సవరణ వ్యాసం ఒకటి రాశాను. నాలుగు పేజీలు. పత్రికకి పంపేముందు నౌపడ వెళ్లి శివాజీని నిలదీసి, వాడి సంగతి కూడా అందులో కలుపుదామనుకున్నాను. నిన్ను వదిలేశాడని నాకు అనుమానం కాదు, నిశ్చయం. పాసింజరు బండి ఎక్కి వెళ్లాను. బండిలో ఉన్నంతసేపూ వాడితో ఏమనాలో వాక్యాలు కూర్చుకున్నాను.

వాడు బడి నుంచి అప్పుడే వచ్చి సైకిలుకి గాలి కొట్టుకుంటున్నాడు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. నేను మొదలుపెట్టాను. పెళ్లి మానుకునే ధైర్యం లేక ఫోను మానుకున్నావా అన్నాను. ఒక ఆడపిల్ల ఒంటి మీద ఊరంతా నవ్వుతుంటే పక్కన నిలబడలేనివాడివి ఏం మగాడివన్నాను. వాడు పంపు పక్కన పెట్టి అంతా విన్నాడు. తర్వాత అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అత్తా, నువ్వు రాసింది ఉష సూపించింది. సగం సదివి ఫోన్ తిరిగిచ్చీసినాను. అది యమున నాకు సెప్పుకోవాల్సిన మాట. నీ కాగితం సదివి నాను ఫోన్ సేస్తే, దాని నోట్లోంచి లాక్కున్నట్టు ఉంటాది గదా. అది సెప్పీ వరకూ నాకు తెలీదు. అంతే."

యాభై నాలుగేళ్లలో నన్ను ఇంత మెత్తగా ఎవరూ కొట్టలేదు. ఇంకా వాడి మీద అనుమానం చావక, ఆ రోజు వాళ్లమ్మ నా పిల్లని చూసి ఏం గొణిగిందని అడిగాను. లోపల నుంచి ఆవిడే వచ్చింది. "సేతులు సూడే, ఉప్పు బస్తా ఒక్కర్తీ లేపేస్తాది అన్నాను. తప్పా?" అంది. ఉష నవ్వు దాచుకున్నది అందుకట.

తిరుగు బండిలో సవరణ వ్యాసం మళ్లీ చదువుకున్నాను. అందులోనూ నువ్వే ఉన్నావు. ఇంకాస్త బాగా కనిపిస్తున్నావు. సగానికి చింపి పెట్టెలో పడేశాను. మంచినీళ్ల సంగతికి జవాబు రాస్తానన్నాను కదా. తప్పు చేశాను. దానికి వ్యాసం లేదు, ఇదొక్క వాక్యమే.

ఇంప్లాంట్ల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. అబద్ధం రాయలేను.

కుసుమ


శృంగవరపుకోట,
27 జనవరి 2025.

అత్తకి,

శివాజీకి ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని, "నీ విభాగం మారుతాదా?" అని అడిగాడు. ప్రతి పోటీకీ ముందే తూకమేస్తారు, మారకుండా చూసుకుంటానన్నాను. ఎంత పెట్టిస్తావని నోటి చివరి దాకా వచ్చి ఆగినట్టుంది, అడగలేదు. నేనూ చెప్పలేదు. పెళ్లి మేలోనే.

పోటీల్లో రెండోస్థానం వచ్చింది. వామప్ హాల్లో ఎవరో నూట అరవై అని పిలిచారు. తిరిగి చూడలేదు. చేతికి సుద్ద రాసుకుని వెళ్లి ఎత్తాను.

అసలు సంగతి, అమ్మ వచ్చింది. నీ వ్యాసం ఎవరితోనో చదివించుకుని, మర్నాడే బస్సెక్కి వచ్చేసింది. గుమ్మంలోనే నాకు అర్థమైంది. తిడుతుందనుకున్నాను. చేతిసంచి విప్పి, పాత రవికల లోపలి గుడ్డతో కుట్టిన నాలుగు జతల మూటలు మంచం మీద పరిచింది. ఒక్కో జత ఒక్కో సైజు. మెత్తగా ఉన్నాయి, కుట్టు లోపలికి మడిచింది.

"ఇదేటో ముందే సెప్తే నాను కుట్టనేటే? బియ్యం ఎవుర్తి పొయ్యమన్నాది? పరిగెడితే గుచ్చుకుంటాది. సోళ్ళు పొయ్యి, ఒంట్లో మాంసంలాగ కదుల్తాయి" అంది.

ఎందుకు పెట్టించుకుంటున్నావని అడగలేదు. ఎంత నొప్పి అని అడిగింది. ఎవరు తోడుంటారని అడిగింది. చోళ్ళు సన్నగా గుండ్రంగా ఉంటాయి కదా, నిజంగానే కదిలాయి. నాలుగు జతలూ మార్చి మార్చి వేసుకుని పది రోజులు తిరిగాను. నువ్వు అచ్చేసిన అంకె ఇక నాది కాదు, వదిలేశాను. ఎక్కువకి వెళ్లానో తక్కువకి వెళ్లానో రాయను. ఒక జత దగ్గర ఆగాను. దాన్నే తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపిస్తే, బియ్యంతో వచ్చినవాళ్లని చూశాను గాని చోళ్ళతో, ఆవిడ భాషలో రాగులతో, ఎవరూ రాలేదంది.

ఫిబ్రవరి పన్నెండున ఆపరేషను. తోడుగా సంతకం పెట్టడానికి అమ్మ వస్తుంది. తర్వాత మూడు వారాలు సెలవు, ఆరు వారాలు బరువులు ముట్టకూడదు. నిన్ను రావద్దనను. వస్తే పెన్ను తేకు.

యమున


ఆమదాలవలస,
3 ఫిబ్రవరి 2025.

యమునా,

వస్తాను. ఆపరేషను రోజు కాదు, ఆసుపత్రి చూస్తే నా నోరు ఆగదు, ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుంటాను. ఇంటికి వచ్చాక వస్తాను.

సంచుల మీద, వాటిని అమ్మేవాళ్ల మీద నా అనుమానం నాతోనే ఉంటుంది. కార్డు మాత్రం చేతికి తీసుకోకుండా ఆసుపత్రి గుమ్మం దాటకు. కార్డు నంబరు నాకు చెప్పక్కర్లేదు.

కిరాణా ధనరాజ్ నిన్న నన్ను ఆపి, టీచరుగారూ ఆ రోజు తూయించింది అవేనా అని అడిగాడు. బియ్యం తూయించాను, నీకేం అన్నాను. ఇంకా ఏదో అనబోయాడు. వాడి కాటా మీద రాళ్లు తీసి నేల మీద పెట్టి వచ్చేశాను.

మీ అమ్మ నాతో మాట్లాడుతోంది గాని, ఎల్లాజీ సంగతి ఎత్తితే మాత్రం నా వైపు ఒక చూపు చూస్తోంది. ఏ తప్పూ లేనట్టు ఉంటుంది ఆ చూపు. భరించలేకపోతున్నాను.

కుసుమ


శృంగవరపుకోట,
28 ఫిబ్రవరి 2025.

అత్తకి,

చేతులు భుజం దాటి పైకి లేపకూడదన్నారు గాని, రాయొచ్చన్నారు. కుట్లు బాగున్నాయి. ఎడమవైపు కొంచెం వాపు ఉంది, తగ్గుతుందట. కార్డు తీసుకున్నాను, బీరువాలో పెట్టాను. అద్దం చూసుకున్నాను. వెతుక్కోవడం ఆగింది.

పోయిన గురువారం నువ్వు వచ్చి మూడు గంటలు కూర్చున్నావు. వాతావరణం గురించి మాట్లాడావు, నౌపడ ఉప్పుమళ్ల గురించి మాట్లాడావు, మా కొత్త పోస్టుమాస్టరు గురించి అడిగావు. నా మెడ దిగువకి ఒక్కసారి కూడా చూడలేదు. నువ్వు పడుతున్న కష్టం చూసి అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అడగాలని నీకెంత ఉందో నాకు తెలుసు. పద్నాలుగేళ్లు నా ప్రతి గ్రామూ రాసినదానివి. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఎండ ముదిరిందని అన్నావు. ఆ రెండుసార్లకీ నీ మీద నాకున్న కోపం తీరిపోయింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇంకొకటి. నేను ఆగిపోయిన ఆ జత మూటలుంటే ఎవరైనా ఎప్పటికైనా కాటా మీద పెట్టి చూడొచ్చు. ఆ మాట అమ్మతో అన్నాను. అమ్మ మూటలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నువ్వు వస్తున్నావని ముందు రోజే నాలుగు జతలూ విప్పి, చోళ్ళన్నీ ఒకదాంట్లో కలిపేసి, కడిగి, ఆరబెట్టి, విసిరి పిండి చేసింది.

ఎండలో వచ్చావని అమ్మ నీకు రెండు గ్లాసుల అంబలిచ్చింది, గుర్తుందా. చిక్కగా ఉంది, బాగుందని ఇంకో సగం గ్లాసు అడిగి పోయించుకున్నావు. నువ్వు అడగకుండా మింగిన కొలత అదేనత్తా.

నీ
యమున